గట్టిగా అంటే ఎంత గట్టిగా?

నాకు కవితలు రావు. క్లబ్బులో చేరిన రోజే ఆ మాట చెప్పేశాను. "పర్లేదు, నీకు తెలిసిందేదో తెలుగులో రాయి చాలు" అన్నారు సీనియర్లు. నాకు కాస్త తెలిసినవి రెండే. ఒకటి కోడింగ్, అది మీలో చాలామందికి నాకంటే బాగా వచ్చు. రెండోది మా కారు ఇంజిన్‌కి ఉన్న ఒక బోల్టు. దాన్ని రెండుసార్లు విప్పి రెండుసార్లు బిగించిన అనుభవం ఉంది. మొదటిసారి బిగించడంలో నేను చేసిన తప్పుకి ఇంజిన్ మొత్తం పోవాల్సింది, కొద్దిలో తప్పింది. అందుకే ఈ వ్యాసం. మెకానికల్ బ్రాంచి వాళ్లు నవ్వుకోవచ్చు గానీ, తప్పులు కనిపిస్తే మాత్రం చెప్పండి.

మాది 2001 హోండా సిటీ, 1.5 ఇంజిన్. నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. దాని టైమింగ్ బెల్టు మార్చి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తు లేదు. ఆ బెల్టు తెగిందంటే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, ఆ తర్వాత ఖర్చు గురించి మాట్లాడుకోకపోవడమే మంచిది. ఇంటర్ అయిపోయిన సెలవుల్లో బండిని గుంటూరు నుంచి తెనాలిలో ఉన్న మా బాబాయి షెడ్డుకి తీసుకెళ్లాం. ఆయన దగ్గరికి వచ్చేవి ఎక్కువగా ట్రాక్టర్లు, కార్లు తక్కువ. "బెల్టు మార్చడం పెద్ద పనేం కాదురా, దాని ముందున్న పుల్లీ ఊడి రావడమే పని" అన్నాడు.

ఆ పుల్లీ ఏంటో ముందు చెప్పుకుందాం. ఇంజిన్ లోపల పిస్టన్లు పైకీ కిందికీ ఆడితే, ఆ ఆటని తిరగడంగా మార్చేది క్రాంక్‌షాఫ్ట్. దాని ఒక చివర గేర్‌బాక్సు వైపు ఉంటుంది. రెండో చివర ఇంజిన్ పక్క నుంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ చివరకి తగిలించిన చక్రమే క్రాంక్ పుల్లీ. ఆల్టర్నేటరు, ఏసీ కంప్రెసరు, పవర్ స్టీరింగ్ పంపు అన్నీ బెల్టుల ద్వారా దీని మీదే బతుకుతాయి. మా బండిలో ఇది ఎడమ వైపు ముందు చక్రం వెనకాల ఉంటుంది. చక్రం తీసి, ప్లాస్టిక్ షీటు విప్పితే కనిపిస్తుంది.

చూడ్డానికి ఇనప చక్రంలా ఉంటుంది గానీ చాలా కార్లలో అది ఒకే ముక్క కాదు. లోపల ఒక ఇనప ఉంగరం, బయట ఒక ఇనప ఉంగరం, రెంటి మధ్యా రబ్బరు. ఆ రబ్బరు ఎందుకంటే, సిలిండర్లో పెట్రోలు మండిన ప్రతిసారీ క్రాంక్‌షాఫ్ట్ ఒక్క రవ్వ మెలితిరిగి మళ్లీ సర్దుకుంటుంది. అంత లావు ఉక్కు కడ్డీ మెలితిరగడమేంటి అనిపిస్తుంది, కానీ తిరుగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 3000 ఆర్‌పీఎమ్‌లో ఉంటే సెకనుకి 50 చుట్లు, చుట్టుకి రెండు మంటలు, అంటే సెకనుకి 100 దెబ్బలు. గంటకి 3,60,000. ఆ వణుకుని మింగడానికే రబ్బరు. అది ఎండిపోతే బయటి ఉంగరం లోపలి దాని మీద జారుతుంది. దాంతోపాటు బయటి ఉంగరం మీదుండే టైమింగ్ గీతలు కూడా జారతాయి. గీతలు అబద్ధం చెబుతుంటే వాటిని నమ్మి టైమింగ్ పెట్టేవాడి గతి ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఇక విప్పడం. పుల్లీని పట్టుకునేది మధ్యలో ఉన్న ఒకే ఒక్క బోల్టు, 17 నంబరు సాకెట్ పడుతుంది. బ్యాటరీ నెగటివ్ తీసేశాం. వెనక చక్రాలకి అడ్డం రాళ్లు పెట్టి, ముందు చక్రం నట్లు నేల మీద ఉండగానే వదులు చేసి, జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, అప్పుడు చక్రం తీశాం. ఉత్త జాకీ మీద ఉన్న బండి దగ్గర చెయ్యి పెట్టకండి. పైగా ఈ పనిలో బండిని బలంగా లాగుతాం కాబట్టి స్టాండు లేకుండా మొదలుపెట్టనే కూడదు.

బోల్టుకి సాకెట్ వేసి తిప్పాను. బోల్టుతోపాటు ఇంజినూ తిరిగింది! అవును మరి, అది తిరగడానికే కదా ఉంది. కాబట్టి అసలు సమస్య బోల్టు విప్పడం కాదు, క్రాంకు తిరక్కుండా పట్టుకోవడం. బాబాయి టాప్ గేరు వేసి, షెడ్డు కుర్రాణ్ణి బ్రేకు తొక్కమన్నాడు. ఫస్టు గేరు కదా గట్టిది అనుకున్నాను నేను. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ఫస్టు గేరులో క్రాంకు మీద పెట్టిన బలం పది పన్నెండు రెట్లయి చక్రాల దగ్గరికి వెళ్తుంది, దాన్ని బ్రేకులు ఆపాలి. టాప్ గేరులో మూడు నాలుగు రెట్లే. బ్రేకుకి పని తక్కువ. అయినా మా బోల్టు కదల్లేదు. ఇంజిన్ మౌంట్లు మూలిగాయి, బండి ఊగింది, అంతే.

అప్పుడు నేను నా తెలివి చూపించాను. యూట్యూబులో ఒక ట్రిక్కు చూశాను. బోల్టుకి పొడుగు పిడి తగిలించి, ఆ పిడిని ఛాసిస్‌కి ఆనించి, తాళం తిప్పి స్టార్టర్ ఒక్క క్షణం కొట్టడం. క్రాంకు తిరుగుతుంది, పిడి కదల్లేదు కాబట్టి బోల్టు ఊడుతుంది. వీడియోలో రెండు సెకన్లలో అయిపోయింది. గర్వంగా చెప్పాను.

బాబాయి అడిగింది ఒకే మాట. "నీ ఇంజిన్ ఎటు తిరుగుద్ది?"

నాకు తెలీదు. ఇంజిన్లు ఎటైనా తిరుగుతాయని కూడా అప్పటిదాకా ఆలోచించలేదు. దాదాపు అన్ని కార్ల ఇంజిన్లూ పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లులా తిరుగుతాయి. పాత హోండాల్లో డి సిరీస్, బి సిరీస్ ఇంజిన్లు మాత్రం అందుకు ఎదురు తిరుగుతాయి. 2003 తర్వాత వచ్చిన సిటీలో ఇంజిన్ మారింది, అది అందరిలాగే తిరుగుతుంది. మాది పాతది. బాబాయి పానాలన్నీ పక్కన పెట్టించి, బ్యాటరీ కలిపి, ఒక్క క్షణం స్టార్టర్ కొట్టించి చూశాడు. ఎదురే. అంటే ఆ ట్రిక్కు మా బండి మీద ప్రయోగించి ఉంటే స్టార్టర్ మోటారు బలమంతా బోల్టుని ఇంకా బిగించేది. వీడియోలో మనిషి తప్పేం చెప్పలేదు, ఆయన ఇంజిన్‌కి అది కరెక్టే. ఇంటర్నెట్లో కోడ్ కాపీ కొట్టి, వెర్షన్ చూసుకోని వాళ్లకి ఈ బాధ కొత్తగా వివరించక్కర్లేదనుకుంటా.

చివరికి పని చేసింది ఒక నట్టు. మా పుల్లీ మధ్యలో ఆరు పలకల గుంట ఉంటుంది, ఎదురెదురు పలకల మధ్య 50 మిల్లీమీటర్లు. దానికోసం ప్రత్యేకమైన పిడి అమ్ముతారు. మా దగ్గర అది లేదు. బాబాయి తన ఇనప సామాను డబ్బాలోంచి ఒక ఎం33 నట్టు తీశాడు. ఎం33 నట్టు వెడల్పు సరిగ్గా 50! మధ్యలో కన్నం దాదాపు 29, అందులోంచి 17 సాకెట్ హాయిగా దూరుతుంది. పక్కనున్న వెల్డింగు షాపులో ఆ నట్టుకి మూడడుగుల ఇనప పట్టీ అతికించి తెచ్చాం. ఈ వ్యాసం మొత్తంలో మీకు పనికొచ్చే ముక్క ఇదొక్కటే అయినా నాకు సంతోషమే.

నట్టుని గుంటలో పెట్టి, పట్టీని బండి ముందు వైపుకి చాపి, కింద చెక్క మొద్దు పెట్టాం. విప్పేటప్పుడు పట్టీ ఆ మొద్దు మీదికే నొక్కుకుంటుంది. బిగించేటప్పుడు వెనక్కి తిప్పి పెట్టాలి. సాకెట్‌కి పొడుగు ఎక్స్‌టెన్షన్ వేసి, దాని చివర ఇంకో స్టాండు మీద ఆనించాం. లేకపోతే లాగే బలంలో సగం ఎక్స్‌టెన్షన్‌ని వంచడానికే పోతుంది, సాకెట్ పక్కకి ఒరిగి బోల్టు తల అరుగుతుంది. పిడికి నాలుగడుగుల పైపు తొడిగి బాబాయి లాగాడు. ఢామ్మని టపాకాయ పేలినట్టు శబ్దం. విరిగిందనుకున్నాను. ఊడింది.

మా పుల్లీ చేత్తో ఇటూ అటూ ఆడిస్తే వచ్చేసింది. కొన్ని ఇంజిన్లలో బిర్రుగా దిగి ఉంటుంది. వాటికి పుల్లర్ వాడాలి. అదీ అంచు పట్టి లాగకూడదు, లోపలి ఉంగరానికున్న కన్నాలకి తగిలించాలి. అంచు లాగితే రబ్బరు చిరుగుతుంది. సుత్తి సంగతి ఎత్తకండి. ఆ దెబ్బ క్రాంకు అటూ ఇటూ జరక్కుండా కాసే బేరింగుల మీద పడుతుంది.

బెల్టు మార్చాం, అక్కడే ఉన్న ఆయిల్ సీలు కూడా మార్చాం. దాని గురించి వేరే వ్యాసం రాయొచ్చు, ఇప్పుడు వద్దు. సాయంత్రం అయింది. ఎవరిదో ట్రాక్టరు పొలంలో ఆగిపోయిందని ఫోనొచ్చి, బాబాయి పైపు, సామాను తీసుకుని వెళ్లిపోయాడు. పుల్లీ పెట్టి బోల్టు బిగించే పని నాకు మిగిలింది. పట్టీని వెనక్కి చాపి మొద్దు పెట్టాను. చేతిలో ఉన్న రాట్చెట్ పానాతో, ఇక తిరగనంత దాకా, చేతులు ఎర్రబడేదాకా బిగించాను. రాత్రి బాబాయి ఫోన్ చేసి "బిగించావా?" అన్నాడు.

"గట్టిగా బిగించా బాబాయ్."

పది నెలలు బండి బాగానే నడిచింది. నేను ఇక్కడ హాస్టల్లో ఉన్నాను. ఒకరోజు అమ్మ ఫోన్లో "కారు డీజిల్ బండిలా టకటకమంటోందిరా" అంది. ఏసీ వేస్తే ఆ శబ్దం మారుతోందట. నాన్న దగ్గర్లో ఒక షెడ్డులో చూపిస్తే, ఇంజిన్ అడుగున బేరింగు పోయింది, ఇంజిన్ దించాలి అన్నారు. ఆ ఖర్చు వింటే బండి విలువ కంటే ఎక్కువ. "స్క్రాప్‌కి ఇచ్చేద్దాం" అన్నారు నాన్న. ఆ కారులోనే నన్ను పదేళ్లు స్కూల్లో దింపారాయన.

ఆ వారాంతం ఇంటికెళ్లి బాబాయికి వీడియో కాల్ చేశాను. ఇంజిన్ ఆన్ చేసి, పై నుంచి పుల్లీ వైపు ఫోన్ చూపించమన్నాడు. చూపించాను. పుల్లీ అంచు నిలకడగా తిరగడం లేదు. సారె మీద సరిగ్గా కుదరని కుండలా ఊగుతోంది. "ఆపు. ఆపేసెయ్. మళ్లీ స్టార్ట్ చెయ్యొద్దు" అన్నాడు. తెనాలి దాకా కట్టి లాక్కెళ్లాం.

నట్టు అతికించిన పట్టీ పెట్టి, పైపు తెచ్చుకుని సిద్ధమయ్యాం. ఈసారి పైపు అవసరం పడలేదు. అదే రాట్చెట్‌తో, ఒక్క చేత్తో, బోల్టు వచ్చేసింది. బాబాయి ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు మీకు ఆ బోల్టు అసలు ఏం చేస్తుందో చెప్పాలి. క్రాంకు చివర ఒక గాడి, పుల్లీ లోపల ఒక గాడి, రెండూ కలిసిన చోట చిన్న ఉక్కు ముక్క ఉంటుంది. దాన్ని కీ అంటారు. తాళంచెవికీ దీనికీ సంబంధం లేదు. పుల్లీని తిప్పేది ఆ కీయే అనుకున్నాను నేను. కీ పడిందా, బోల్టు ఊడకుండా ఉందా, చాలు కదా అని. కాదు. కీ ఉన్నది పుల్లీ సరైన కోణంలో కూర్చోడానికి. దాన్ని నిజంగా తిప్పేది రాపిడి. బోల్టు పుల్లీని, దాని వెనక టైమింగ్ బెల్టుని తిప్పే పళ్లచక్రాన్ని కలిపి క్రాంకుకి అదుముతుంది. ఆ అదుముడు ఉన్నంతకాలం అన్నీ ఒకే ముక్కలా తిరుగుతాయి, కీ మీద భారమే పడదు. అదుముడు తగ్గితే సెకనుకి వంద దెబ్బలూ కీ మీదే. ముందుకో దెబ్బ, వెనక్కో దెబ్బ.

ఎంత అదుముడు కావాలి? ఇదే కాలపు సివిక్‌లో ఇదే డి సిరీస్ ఇంజిన్‌కి సర్వీస్ మాన్యువల్లో ఉన్న అంకె 181 న్యూటన్ మీటర్లు. మీటరు పొడుగు పైపు చివర పద్దెనిమిది కిలోల బరువు వేలాడదీస్తే వచ్చేది దాదాపు అంత. బోల్టు మందాన్ని బట్టి మామూలు లెక్క వేస్తే, అది ఆరేడు టన్నుల బలంతో పుల్లీని నొక్కిపెడుతుంది. అంటే బోల్టు రబ్బరు బ్యాండులా ఒక్క రవ్వ సాగి ఉంటుంది, ఆ సాగడమే దాన్ని పట్టి ఉంచేది.

ఇప్పుడు నా లెక్క. నా రాట్చెట్ పిడి 30 సెంటీమీటర్లు. చేత్తో గట్టిగా లాగితే 30 కిలోల బలం వేసుకుందాం, ఉదారంగానే. 300 న్యూటన్లు ఇంటూ 0.3, అంటే 90. కావాల్సిన దాంట్లో సగం. అప్పుడు నా బరువు 54 కిలోలు. ఆ పిడికి కోతిలా వేలాడినా 159 దగ్గరే ఆగేది. చేతులు ఎర్రబడ్డాయి నిజమే, కానీ చేతుల రంగుకి యూనిట్లు లేవు.

పుల్లీ బయటికి తీసి చూశాం. క్రాంకు చివరంతా ఎర్రటి పొడి, కుంకుమలా. ఇనుము ఇనుము మీద కొద్దికొద్దిగా కదిలితే రాలే తుప్పు పొడి అది. కీ ఒక అంచు నలిగిపోయింది. పుల్లీ గాడి ఒక వైపు వెడల్పయింది. ఇవి రెండూ పోతే కొత్తవి కొనొచ్చు. నేను ఊపిరి బిగబట్టి చూసింది క్రాంకు గాడిని. అది పోతే క్రాంక్‌షాఫ్ట్ మార్చాలి, దానికి ఇంజిన్ దించి విప్పాలి, అంటే షెడ్డు వాళ్లు చెప్పిన ఖర్చే నిజమవుతుంది. ఇది ఊరికే భయపెట్టడం కాదు. 1990, 91 మాజ్డా ఎంఎక్స్-5 కార్లలో తొలి 1.6 ఇంజిన్లకి సరిగ్గా ఇదే జబ్బు. క్రాంకు ముక్కు చిన్నది, బోల్టు పట్టు చాలక గాడి అరిగి క్రాంకులే పోయేవి. కంపెనీ 1991లో ముక్కు పెద్దది చేసింది.

బాబాయి గుడ్డతో పొడి తుడిచి, గాడిలో లేచిన చిన్న పొరని నూనెరాయితో నెమ్మదిగా రుద్దాడు. కొత్త కీ పెట్టి బొటనవేలితో అటూ ఇటూ ఆడించాడు. ఆడలేదు. ఇంకోసారి ఆడించాడు. "బతికిపోయావురా" అన్నాడు.

పుల్లీ కోసం నేనూ నాన్నా విజయవాడ ఆటోనగర్ వెళ్లాం. పాత పుల్లీ కొనేటప్పుడు చూడాల్సింది రబ్బరు. పగుళ్లుండకూడదు, బయటి ఉంగరం లోపలిదాని కంటే ముందుకి జరిగి ఉండకూడదు, బెల్టు గాళ్ల సంఖ్య మన దానితో సరిపోవాలి. బోల్టు, కీ మాత్రం కొత్తవే తీసుకున్నాం.

రెండోసారి బిగించడం. పుల్లీ, క్రాంకు ఆనుకునే ముఖాలు పెట్రోలు గుడ్డతో శుభ్రంగా తుడిచాం. అక్కడ నూనె, తుప్పు, ఇసక ఏదున్నా కొన్నాళ్లకి నలిగి పల్చనవుతుంది, బోల్టు సాగుడు ఆ మేరకి పోతుంది. బోల్టు థ్రెడ్లకీ, తల కిందా మాత్రం కొద్దిగా ఇంజిన్ ఆయిల్. ఇది నాకు వింతగా అనిపించింది. కానీ మనం పెట్టే టార్కులో దాదాపు తొంభై శాతం థ్రెడ్ల దగ్గర, తల కింద రాపిడికే పోతుందట. బోల్టుని సాగదీసేది మిగతా పదే. అందుకే పొడి బోల్టుకీ నూనె బోల్టుకీ ఒకే అంకె దగ్గర అదుముడు వేరు. మాన్యువల్ నూనె రాయమంటే రాయాలి, వద్దంటే వద్దు. కొన్ని ఇంజిన్లకి తక్కువ టార్కు దాకా బిగించి, అక్కడి నుంచి ఇన్ని డిగ్రీలు తిప్పమంటారు. కోణానికి రాపిడితో పని లేదు కదా, ఎంత తిప్పితే అంత సాగుతుంది. ఆ ఐడియా నాకు భలే నచ్చింది.

బోల్టుని మొదట చేత్తోనే చివరిదాకా తిప్పాను, అడ్డం పడలేదని తెలియాలి కాబట్టి. తర్వాత టార్క్ రెంచి. అది మొదటిసారి కూడా బాబాయి షెడ్డులోనే ఉంది, ఎర్ర డబ్బాలో! నేను అడగలేదు, అంతే. ముందు 100కి పెట్టి ఒకసారి, తర్వాత 181కి పెట్టి. కుదుపు లేకుండా నెమ్మదిగా లాగాలి. 100 దగ్గర టిక్‌మంది. మొదటిసారి నేను "గట్టిగా" అనుకున్న చోటు దాదాపు అదే. అక్కడి నుంచి 181 దాకా లాగుతుంటే భయమేసింది, బోల్టు తెగుతుందేమోనని. టిక్. అప్పటిదాకా బోల్టు అలా తిరుగుతూనే ఉంది.

బోల్టు తల మీద నుంచి పుల్లీ మీదికి అక్క నెయిల్ పాలిష్‌తో అడ్డంగా ఒక గీత గీశాను. బోల్టు ఏమాత్రం జరిగినా గీత రెండు ముక్కలవుతుంది. స్టార్ట్ చేసే ముందు పానాతో ఇంజిన్ని రెండు చుట్లు తిప్పాం, దాని దిక్కులోనే, అంటే ఎదురు దిక్కులో. ఎక్కడా తగల్లేదు. తాళం తిప్పాను. టకటక లేదు. నాన్న బానెట్ మీద చెయ్యేసి కాసేపు అలాగే నిలబడ్డారు.

పోయిన నెల ఇంటికెళ్లినప్పుడు చక్రం విప్పి చూశాను. ఎర్ర గీత ఒకే గీతగా ఉంది. ఫొటో తీసి బాబాయికి వాట్సాప్ చేశాను. వెంటనే రిప్లై వచ్చింది: "బాగుంది. చక్రం నట్లు మళ్లీ బిగించావా?"

"గట్టిగా" అని టైపు చేసి, చెరిపేసి, "108" అని పంపాను.